నామం మరకల ఫోను

పొద్దున్నించి ఆ ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. మామూలు రోజుల్లో అయితే పొయ్యి మీద పాలు పొంగేలోపే రెండుమూడు సార్లు మోగి లక్ష్మమ్మాళ్ ప్రాణం తోడేసేది. ఇవాళ పెరుమాళ్ళ నెల పురట్టాసిలో ఆఖరి శనివారం. నడవాలో స్టూలు మీద, ఏ పాపమూ ఎరగనట్టు, ఫోను నల్లగా కూర్చునుంది.

వంటింటి గడప దగ్గర పీట వేసుకుని తిరుమలమ్మాళ్ దాని వంకే చూస్తోంది. కోయంబత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఏళ్ళు ట్రంక్ ఆపరేటరుగా చేసి, పై అధికారితో మాటామాటా పెరిగి ఉద్యోగం వాడి మొహాన కొట్టి, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. ఆ బోర్డు చూసి నవ్వినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరు తర్వాత తమ తమ కేసులు పట్టుకుని తలొంచుకుని ఆమె మెట్లెక్కారు. అది వేరే సంగతి.

లక్ష్మమ్మాళ్ కేసు చెప్పుకోవడానికి చిన్నదే. భర్త మునిసామి, మిల్లు నూలు తెచ్చి చిలపలు చుట్టే షెడ్డు పెట్టడానికి మదురైలో ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర అప్పు చేశాడు. వ్యాపారానికి పనికొస్తుందని ఫోను కూడా పెట్టించాడు. మిల్లు లాకౌటైంది. దాంతో షెడ్డు ఆగింది, కిస్తులూ ఆగాయి. నేరుగా పోయి గడువు అడిగి వస్తానని పురట్టాసి మొదట్లో మదురై బస్సెక్కిన మనిషి మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. ఆయన వెళ్ళిన రెండోనాటి నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. కంపెనీ వసూలు ఆఫీసరునంటూ మదురై నుంచి ఒక గొంతు, అరవంలో, రోజంతా ఒకటే పాట. నీ మొగుడు మా చేతిలో ఉన్నాడు, జైలుకు పోకూడదంటే నీ పేరున్న తోట అమ్మి బాకీ కట్టు. ఇవాళ సాయంత్రమే ఆఖరి గడువట.

తోట కొనే మనిషీ సిద్ధంగానే ఉన్నాడు. మునిసామి పెదనాన్న కొడుకు వెంకటసామి, మూడిళ్ళ అవతల పత్తి గోడౌను ఆయనది. పూజ కాగానే కాగితాలు తెస్తానన్నాడు. లక్ష్మమ్మాళ్ వేలిముద్ర పడితే ఆ సంసారానికి మిగిలిన ఒక్క బావీ, దాని కింది నేలా పొద్దు గూకేలోపు చేతులు మారిపోతాయి.

“శనివారాలు వాడు ఫోను చెయ్యడా?” అని అడిగింది తిరుమలమ్మాళ్.

“చేస్తాడక్కా. అయితే తళిగ అయినాకనే,” అంది లక్ష్మమ్మాళ్ పులిహోర కలుపుతూ. పెరుమాళ్ళకు ఆకు మీద అన్నం రాశి పోసి నామం దిద్ది పెట్టే నైవేద్యాన్ని వాళ్ళు తళిగ అంటారు. పంగాళులంతా, అంటే దాయాదులంతా, ఒక్క ఇంట చేరి పెట్టుకుంటారు. ఈ ఏడు వంతు ఈ ఇంటిది. “దాసరి వచ్చి శంఖం ఊదేదాకా ఫోను ఊరికే ఉంటాది. పెరుమాళ్ళే వాని నోరు కట్టినాడని దండం పెట్టుకొంటిని.”

“పోయిన శనివారం దాసరి ఆలస్యంగా వచ్చినాడని నిన్న చెప్తివే?”

“ఆ, సింగానల్లూరులోనే చిక్కుకొనె. ఈడికి వచ్చేసరికి ఎండ వాలిపాయ. పిల్లోళ్ళు ఆకలికి ఏడ్చిరి.”

“ఆ పొద్దు ఫోను ఎప్పుడు మోగె?”

లక్ష్మమ్మాళ్ చెయ్యి పులిహోరలోనే ఆగిపోయింది. “అదీ ఆలస్యంగానే మోగె అక్కా.”

“చూస్తివా. మదురైలో కుర్చీ మీద కూచున్నోనికి ఈ వీధిలో దాసరి ఎప్పుడు వచ్చేది ఎట్ల తెలుస్తాది? పెరుమాళ్ళు నోరు కట్టలేదమ్మా. ఆ టైములో వానికి గోవిందా చెప్పే పని ఉండాది.”

లక్ష్మమ్మాళ్ మొహం పాలిపోయింది. గోవిందా చెప్పేది ఎవరు? తన వంటింట్లో వండిన అన్నం ముందు చేతులు జోడించే తనవాళ్ళే. ఆ తలపే భరించలేక తల అడ్డంగా ఊపింది.

“ఇంకొకటి చెప్పు. ఫోను ఎప్పుడూ ఒకటే మాదిరి మోగుతాదా?”

“లేదక్కా. వానిది ట్రింగు ట్రింగు అని జంటజంటగా మోగతాది. ఒక్కొక్క సాయంత్రం మాత్రం నిలవకుండా పొడుగ్గా అరస్తాది. శనివారం దీపం పెట్టే వేళకు తప్పదు. అది వింటే నాకు కాళ్ళు చేతులు ఆడవు. వాని పై ఆఫీసరేమో అని దాన్ని ఎత్తనే ఎత్తను.”

“ఒక్క తూరి కూడా ఎత్తలేదా?”

“ఎత్తలే. ఆ మిషను సంగతి అంతా వారికే తెలుసు. వారు ఉండేటప్పుడు నేను దాన్ని తాకింది కూడా లేదు.”

తిరుమలమ్మాళ్ నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. తన ఊహ నిజమైతే ఈ ఇల్లు నిలబడుతుంది. తప్పైతే మాత్రం, ఆశ పెట్టి లాక్కున్న పాపం తనది. దీపం పెట్టే వేళ దాకా ఆగుదామని ఒట్టు పెట్టుకున్నట్టు పైకి లేచింది.

బయట అరుగు మీద ఒక ఆసామి చెప్పులు విప్పకుండా కూర్చుని సిగరెట్టు వెలిగించబోతున్నాడు. రాజేంద్రన్. ఒకప్పుడు సబ్ ఇన్స్పెక్టరు, ఇప్పుడు ఈమెలాగే ప్రైవేటు డిటెక్టివ్. ఈమె బోర్డు చూసి నవ్వినవాళ్ళలో ఇంకా నవ్వు ఆపనివాడు.

“పూజ ఇంటి ముందర పొగ ఏంది తమ్ముడూ?”

“మీరా మేడమ్!” అంటూ సిగరెట్టు జేబులో పెట్టాడు. ఇంట్లో తెలుగే అయినా, పనిలో ఉన్నప్పుడు అరవం కలపకపోతే హోదా తగ్గుతుందని అతని నమ్మకం. “కంపెనీ నన్ను పెట్టింది. మునిసామి తలమరైవు, పరారీ. ఎక్కడ దాక్కున్నాడో ఆ అమ్మకు తెలుసు. నేను ఇల్లు సోదా చేసే పోతాను.”

“మునిసామి మీ కంపెనీ చేతిలోనే ఉండాడని ఫోనులో చెప్తిరంట కదా. మీ చేతిలో ఉండే మనిషిని ఈ ఇంట్లో వెతికేది ఏమి?”

“ఏ ఫోను? ఎవరు చేసింది?” రాజేంద్రన్ పకపకా నవ్వాడు. “మా మొదలాళికి, అదే మా ఓనరుకు, ట్రంక్ కాలు దుడ్డు కట్టాలంటే ప్రాణం పోతుంది. మనిషిని పంపుతాడు గానీ ఫోను చెయ్యడు. ఒక్కటంటే ఒక్క ఫోను చెయ్యలేదు. ఆ అమ్మ మీకు కథ చెప్పింది, మీరు చెవిలో పువ్వు పెట్టుకుని విన్నారు.”

ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉంది. “ఒక్కటి కూడా చెయ్యలేదని పెరుమాళ్ళ ముందర చెప్తావా?”

“ఎక్కడైనా చెప్తాను.”

“అయితే చెప్పులు ఇడిచి లోపలికి రా. నువ్వు చెప్పేదీ నిజమే, ఆమె చెప్పేదీ నిజమే. ఇద్దరి నిజమూ ఎట్ల కలుస్తాదో శంఖం ఊదినాక చూస్తువు. కలవకపోతే నా బోర్డు నేనే పీకి నీకిస్తా.”

బోర్డు మాట వినగానే రాజేంద్రన్ చెప్పులు విడిచేశాడు.

దాసరి రావడంతో నడవా నిండిపోయింది. ఇంటి పెద్ద కనుక మగవాళ్ళందరి నొసటా తెల్లటి నామం దిద్దింది వెంకటసామే. నిండు విగ్రహం, నెమ్మదైన మాట, చూడగానే నమ్మాలనిపించే ముఖం. వద్దు వద్దంటున్నా వదలకుండా రాజేంద్రన్‌కూ ఒక నామం పెట్టాడు. జేగంట మోగింది, కర్పూరం వెలిగింది, గోవిందా అని ఇల్లంతా ఒక్క గొంతైంది. దాసరి బుగ్గలు పొంగేలా శంఖం ఊదాడు. తిరుమలమ్మాళ్ ముందే అతనితో రెండు ముక్కలు మాట్లాడి పెట్టుకుంది. నేను కిటికీలోంచి చెయ్యి ఎత్తితే ఇంకొకసారి ఊదాలి, ఎందుకని అడగకూడదు.

ఆకులు పరిచారు. తెల్లవారకముందు నుంచీ పస్తున్నవాళ్ళు ఆవురావురుమని కూర్చున్నారు. తిరుమలమ్మాళ్ వరస వెంబడి నడుస్తూ చూసింది. పెద్దవాడి ఆకు ముందు మనిషి లేడు.

“బావ ఏడమ్మా?” అని లక్ష్మమ్మాళ్‌ను మెల్లిగా అడిగింది.

“గోడౌను తాళం చూసి వస్తానని పోయిరి. ప్రతి శనివారం పోతారు,” అంది లక్ష్మమ్మాళ్ గరిటె కింద పెడుతూ.

ట్రింగు ట్రింగు. జంటగా.

తిరుమలమ్మాళ్ రాజేంద్రన్ భుజం పట్టి లేపి తన పక్కకు లాక్కుంది. రిసీవరు ఎత్తి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బెదిరిన ఇల్లాలి గొంతుతో అంది. “ఎవురు?”

“ఎన్నమ్మా, కాసు రెడీయా?” గుడ్డలోంచి వచ్చినట్టున్న గొంతు. అరవం. “సాయంత్రం దాటితే నీ మొగుడు జైల్లోనే...”

ఆమె కిటికీలోంచి చెయ్యి ఎత్తింది. పెరట్లో దాసరి ఊపిరి బిగబట్టి శంఖం ఊదాడు. ఎడమ చెవిలోకి పెరటి శంఖం వచ్చింది. కుడి చెవిలోకి, ఫోనులోంచి, అదే శంఖం సన్నగా వచ్చింది. అవతలి గొంతు చటుక్కున ఆగిపోయింది. ఆమె రిసీవరు తిప్పి రాజేంద్రన్ చెవికి ఆనించింది. శంఖం ఇంకా ఆగలేదు. రాజేంద్రన్ నోరు తెరుచుకుపోయింది. అంతలో అవతల లైను తెగిపోయింది.

“మదురైలో కూడా మన దాసరే ఊదుతుండాడా తమ్ముడూ?” అంది తిరుమలమ్మాళ్, చెప్పుల కోసం కూడా చూడకుండా వీధిలోకి దిగుతూ.

మూడిళ్ళు దాటేసరికి వెంకటసామి గోడౌను తలుపు వేస్తూ ఎదురయ్యాడు. తాళం చెవి మొలతాడుకు వేలాడుతోంది.

“అందరూ ఆకుల ముందర ఉండారు, అన్నం ఆరిపోతా ఉండాది. పెద్దోరు ఈడ ఏమి చేస్తుండారన్నా?”

“తాళం సరిగ్గా పడిందా అని చూసేదానికి వస్తిని.”

“మీ గుమాస్తా?”

“ఆయన పురట్టాసి శనివారం రాడు. తాళంచెవి నా దగ్గర తప్ప ఎవురి దగ్గరా లేదు.”

“ఇంత సేపూ లోపల మీరు ఒక్కరేనా?”

“ఒక్కన్నే. ఏం, ఎందుకు అడుగుతుండారు?”

“నా ఆఫీసుకు ఒక ఫోను చేసుకొందామని.”

“అది పాడై నిన్నటి నుంచి అట్లే ఉండాది. నేను దాని జోలికే పోలే.”

“పాడైన ఫోన్లు బాగుచేసేది నాకు కొంచెం తెలుసన్నా. ఇరవై ఏళ్ళు అదే అన్నం తింటిని,” అంటూ అతని పక్కనుంచి దూరి లోపలికి వెళ్ళిపోయింది.

పత్తి బేళ్ళ మధ్య బల్ల, బల్ల మీద ఫోను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది. మాట్లాడే మూతి మీద ఒక తుండుగుడ్డ, నోటి తడి ఇంకా ఆరలేదు. చూపు డయలు మీద ఆగింది. రాజేంద్రన్‌ను దగ్గరకు పిలిచింది.

“కళ్ళు బాగా కనపడతాయి కదా నీకు? డయలు బొక్కల్లో ఏముండాదో చదువు.”

రాజేంద్రన్ వంగాడు. “తెల్లగా ఏదో అంటుకునుంది. మూడులో చిక్కగా ఉంది. ఏడులో కొంచెం తక్కువ. రెండులో ఇంకా పలచన. ఎనిమిదిలో ఉందా లేదా అన్నట్టుంది. తక్కినవన్నీ శుభ్రంగా ఉన్నాయి.”

“ఇప్పుడు నీ నొసలు తాకి చూసుకో.”

తాకాడు. వేలికి అదే తెలుపు, ఇంకా తడిగా.

“మునిసామి ఇంటి నంబరు మూడు, ఏడు, రెండు, ఎనిమిది,” అంది తిరుమలమ్మాళ్. “మొదటి బొక్కలో ఎక్కువ అంటుకొనె, పోను పోను అరిగె. అందరికీ నామం దిద్ది, చెయ్యి కడిగేదానికి కూడా పొద్దు లేక పరిగెత్తినావు కదన్నా? నిన్నటి నామమైతే ఎండి పొడి రాలి ఉండు.”

వెంకటసామి కుడిచెయ్యి తనంతట తానే వెనక్కి పోయింది. ఆ తర్వాత నెమ్మదైన మాట కాస్తా పోయి అసలు గొంతు బయటపడింది.

“ఆ తోట మా తాత తవ్వించిన బావి నీళ్ళతో పండిన తోట! మునిసామి నాయన మా నాయన్ను ఏమార్చి ఆ భాగం రాయించుకొనె. ఇప్పుడు కోడలి పేరు పెట్టి పెట్టుకొండారు. నేను కేసుకు పోలేదే, కొట్టలేదే. దుడ్డిచ్చి కొనుక్కొంటానంటినే!”

“దుడ్డిచ్చి కొనేవాడివి ఆ తల్లిని దినాము ఎందుకు చంపితివి?” తిరుమలమ్మాళ్‌కు నిజంగానే కోపం వచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. “ఫోను మోగితే పిల్లోళ్ళు పోయి గోడ మూలకు నిలబడుతుండారు. ఆమె నెల దినాల నుంచి నిద్ర ఎరగదు. ఎవురి ముందర చేతులు కట్టుకొని ఆ అరవం నేర్చుకొంటివి?”

“మా కంపెనీ పేరు వాడావు,” అన్నాడు రాజేంద్రన్. అతని ముఖంలో నవ్వు పోయి సబ్ ఇన్స్పెక్టరు కనపడ్డాడు. “మునిసామిని ఏం చేశావు?”

“నేనేమీ చెయ్యలే. వాడు ఏ గుంటలో పడినాడో నాకేమి తెలుసు?” వెంకటసామి పెదవి వంకరగా నవ్వింది. “నన్ను పట్టుకొంటిరి, సరి. వాన్ని తెచ్చి ఇస్తారా ఆమెకు? పోయి చెప్పండి పో. మొగుడు ఎక్కడున్నాడో ఎవురికీ తెలీదని.”

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. రాజేంద్రన్ ఆమె వంక చూశాడు. ఆమె తుండుగుడ్డను అలాగే బల్ల మీద వదిలి, తలుపుకు తాళం తానే వేసి, చెవి రాజేంద్రన్ చేతిలో పెట్టింది. “ఈయన్ను తోడుకొని రా. దీపం పెట్టేదాకా అరుగు మీద కూచోబెట్టు. పోలీసును ఆ పైన పిలుద్దాము.”

సంజెవేళకు పంగాళులంతా సంగతి తెలిసి నడవాలోనే ఉండిపోయారు. తోట కాగితాలు ఎవరూ అడగలేదు. లక్ష్మమ్మాళ్‌కు తోట మిగిలిన సంతోషం లేదు. దీపం వెలిగించి దాని ముందే కూలబడింది.

“బావ అట్ల చేసింది తట్టుకొంటా అక్కా. వారి సంగతి బావకు కూడా తెలీదంటే, ఇంక నేను ఎవుర్ని అడిగేది? ఒక కార్డు అయినా రాయకపోయిరే అని అనుకొనేదానికీ లేదు. వారికి సంతకం తప్ప రాసేది రాదు, నాకు చదివేది రాదు.”

ఆమె మాట పూర్తికాలేదు. ఫోను మోగింది.

జంటగా కాదు. నిలవకుండా, పొడుగ్గా, ఇల్లు అదిరేటట్టు. పిల్లలు గోడ మూలకు పరిగెత్తారు. లక్ష్మమ్మాళ్ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

తిరుమలమ్మాళ్ ఆ చేతులు పట్టి మెల్లిగా విడదీసింది. తన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా నవ్వుతోంది. “విను లచ్చుమమ్మా. ఊళ్ళో నుంచి చేస్తే జంటగా మోగతాది, దాన్ని మిషను మోగిస్తాది. ఇట్ల పొడుగ్గా మోగితే అది ట్రంక్ కాల్. నా మాదిరి ఒక ఆడమనిషి వేలితో కీ నొక్కిపట్టి మోగిస్తాది. నీ చెవిలో ఇన్ని దినాలు అరిచిన మదురై ఆఫీసరు ఈ ఊరివాడే. నిజంగా బయటూరు నుంచి చేసినోడు ఒక్కడే. వాన్ని నువ్వు ఒక్క తూరి కూడా ఎత్తలే.”

అర్థం కావడానికి లక్ష్మమ్మాళ్‌కు ఒక్క నిమిషం పట్టింది. అర్థమయ్యాక రిసీవరు ఎత్తడానికి లేచిన లేవడం చూసి రాజేంద్రన్ పక్కకు తప్పుకున్నాడు.

“వాడిపట్టి నుంచి కాల్, మాట్లాడండి,” అంది ఆపరేటరు గొంతు.

గరగరా చప్పుడు. తర్వాత, ఎంతో దూరం నుంచి, గొంతు చించుకుని అరుస్తున్న మనిషి. “లచ్చుమీ! లచ్చుమేనా?”

లక్ష్మమ్మాళ్ ఏడుపే జవాబైంది.

“ఎన్ని తూర్లు చేస్తిని! ఎవురూ ఎత్తరే. నిన్ను కూడా టేషనుకు పట్టుకపోయిరేమో అని నాకు తిండి పోలే. ఈడ మదురై పక్కన పత్తి జిన్నింగు మిల్లులో కూలికి చేరి ఉండాను. వారం కూలి ఇయ్యంగానే మా మొదలాళి ఫోను అడిగి చేసేది.”

“ఇంటికి ఎందుకు రాకపోతిరి?”

“ఎట్ల వచ్చేది? మదురైలో దిగంగానే వెంకటసామన్నకు ఫోను చేస్తిని కదా. కంపెనీ గడప తొక్కితే అరెస్టు, ఇంటికి వచ్చినా అరెస్టు, వాడిపట్టిలో మనకు తెలిసినోళ్ళ దగ్గర దాక్కో, నేను చెప్పేదాకా రావద్దు అని అన్నే చెప్పె. పోలీసులు పోయినారా ఇప్పుడు?”

రిసీవరుకు చెవి ఒగ్గి వింటున్న రాజేంద్రన్ నిటారుగా నిలబడి అరుగు వైపు చూశాడు. గుమ్మంలోంచి ఆ మాటలు విన్న వెంకటసామి తల దించుకున్నాడు. ఏ గుంటలో పడ్డాడో తెలియదన్న మనిషి, ఆ గుంట చూపించి తోసింది తానే.

“అమ్మా, ఆయనతో చెప్పండి,” అన్నాడు రాజేంద్రన్. అరవం కలపడం మరిచిపోయాడు. “అరెస్టూ లేదు, గిరెస్టూ లేదు. మనిషి కనపడితే చాలు, కంపెనీ గడువు ఇస్తుంది. దీపావళికి మిల్లు తెరుస్తారని అంటున్నారు. నేనే జీపు తీసుకుపోయి తెల్లవారేసరికి తెచ్చి దింపుతాను. బోర్డు పందెం నేను ఓడిపోయాను కదా, ఆ మాత్రం చెయ్యనీ.”

లక్ష్మమ్మాళ్ కన్నీళ్ళు కొంగుతో తుడుచుకుంది. “పోలీసులు లేరు, ఏమీ లేరు. మీరు రండి. తళిగ అన్నం ఎత్తిపెట్టినా. నాలుగు శనివారాలూ మీ ఆకు వేసే పెట్టినా. ఆరిపోయినా ఏమీ కాదు...”

మధ్యలో ఆపరేటరు గొంతు పడింది. “మూడు నిమిషాలయ్యాయి. పొడిగించాలా?”

ఆ ఫోను నోరు ఎప్పుడు మూతపడుతుందా అని పురట్టాసి నెలంతా ముడుపులు కట్టిన మనిషి, రిసీవరును రెండు చేతులతో పట్టుకుని, వాడిపట్టి దాకా నేరుగా వినపడేటంత గట్టిగా అరిచింది.

“పొడిగించమ్మా!”